చలికాలం సైకిల్ మీద పాదాలు మొద్దుబారుతుంటే

సాలూరు, పార్వతీపురం వైపు నుంచి ఘాటెక్కి ఒడిశాలోని కోరాపుట్ జిల్లాకు వచ్చిన మనవాళ్లకు మొదటి చలికాలం కష్టంగానే గడుస్తుంది. కింద సాలూరులో పల్చటి దుప్పటితో సరిపోయే రోజుల్లో ఇక్కడ సెమిలిగుడలో తెల్లవారుజామున పది డిగ్రీల కిందికి దిగిపోతుంది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు కదా. స్వెటరు, మంకీ క్యాపు అందరూ కొంటారు. పాదాల సంగతి ఎవరికీ గుర్తు రాదు. నేను తొమ్మిదేళ్లుగా సునాబెడ వైపు పొద్దుటి షిఫ్టుకు సైకిల్ మీదే వెళ్తున్నాను. పాలు పోసేవాళ్లు, పేపర్లు వేసే కుర్రాళ్లు, ట్యూషన్లకు వెళ్లే పిల్లలు దారి పక్కన సైకిల్ ఆపి కాళ్లు నేలకేసి కొట్టుకోవడం రోజూ చూస్తుంటాను. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ముందు మీ పాదం ఎప్పుడు, ఎక్కడ చల్లబడుతోందో గమనించండి. కారణం అక్కడే తెలుస్తుంది.

రెండు జతల సాక్సులు వేసినా పది నిమిషాలకే వేళ్లు మొద్దుబారుతున్నాయి

చాలామంది చేసే పొరపాటు ఇదే. మొదటి ఏడాది నేనూ ఇదే చేశాను. చలి ఎక్కువైందని రెండో జత, ఆపైన మూడో జత వేసి, బూటు లేసు గట్టిగా బిగించేవాణ్ణి. చలి తగ్గకపోగా పెరిగింది. మా వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన ఉన్నాడు, బొబ్బిలి వైపు మనిషి. బూటు పెద్దది చేయగలడేమోనని ఆయన దగ్గరికి వెళ్లాను.

"బూటు తొడుక్కునే ఉండు బాబూ. లోపల వేళ్లు ఆడించు," అన్నాడు.

"ఆడట్లేదు మావయ్యా."

"మరి రక్తం ఎలాగ ఆడతాది?"

బూటు విప్పి చూస్తే సాక్సు అల్లిక గళ్లు గళ్లుగా చర్మం మీద అచ్చుపడి ఉంది. బొటనవేలు గోరు నొక్కి వదిలితే తెల్లబడిన చోటు మళ్లీ ఎర్రబడడానికి చాలాసేపు పట్టింది.

పాదానికి వేడి వచ్చేది రక్తం నుంచి. సాక్సు ఆ వేడిని కాపాడుతుందే తప్ప పుట్టించదు. అది కాపాడేది కూడా దారాల మధ్య, వేళ్ల చుట్టూ నిలిచిన గాలి వల్లే. బిగించి కట్టామంటే రక్తమూ తగ్గుతుంది, ఆ గాలీ పోతుంది. ఒకే జత మందపాటి సాక్సు వేసుకుని, బూటు లోపల వేళ్లు బాగా కదులుతున్నాయో లేదో చూడండి. లేకపోతే చలికాలానికి ఒక సైజు పెద్ద బూటు వాడండి. లేసు మడమ దగ్గర బిగువుగా, వేళ్ల వైపు వదులుగా ఉండాలి. దీంతోనే సగం మందికి బాధ తీరిపోతుందని నా నమ్మకం.

మొదట్లో వెచ్చగానే ఉంటుంది, అరగంట తర్వాత పాదం మంచుగడ్డ అవుతుంది

వాన లేదు, నీళ్లు తగల్లేదు, అయినా సాక్సు చెమ్మగా ఉంటుంది. అది చెమట. ఎత్తు ఎక్కేటప్పుడు పాదాలకు చెమట పడుతుంది, దిగేటప్పుడు ఆ తడి చల్లబడుతుంది. నూలు సాక్సు చెమటను పీల్చుకుని అలాగే పట్టుకుంటుంది. తడి బట్ట వేడిని పొడి బట్టకంటే చాలా వేగంగా లాగేస్తుంది. ఊలు అలా కాదు, కాస్త తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. శీతాకాలంలో పట్నాల్లో టిబెటన్లు స్వెటర్ల కొట్లు పెడతారు, అక్కడ ఊలు సాక్సులు అడగండి. రెండు జతలుంటే చాలు, ఒకటి ఆరుతుంటే ఇంకోటి వేసుకోవచ్చు.

ఇంకో చిన్న సంగతి. స్నానం చేసి హడావిడిగా సాక్సులు తొడిగేస్తాం, వేళ్ల సందుల్లో తడి అలాగే ఉండిపోతుంది. ఒక్కో వేలూ విడదీసి తుడుచుకోండి. సాక్సులు ముందే తొడిగేయకుండా, సరిగ్గా బయల్దేరే ముందు చివర్న వేసుకోండి. పనిచోట పొడి జత ఒకటి పెట్టుకుని, వెళ్లగానే మార్చేయండి.

వేళ్ల కొసలే చల్లబడుతున్నాయి, డౌను దిగేటప్పుడు మరీ ఎక్కువ

ఇది గాలి పని. ఎనిమిది డిగ్రీల చలిలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒంటికి దాదాపు అయిదు డిగ్రీల చలి తగిలినట్టు ఉంటుంది. స్పోర్ట్స్ షూ ముందుభాగమంతా జాలీ గుడ్డే, అందులోంచి గాలి నేరుగా వేళ్లకు తగులుతుంది.

ఖర్చు లేని ఉపాయం పాల ప్యాకెట్. కడిగి ఆరబెట్టిన ఖాళీ ప్యాకెట్‌ను సగానికి కోసి, సాక్సు మీద వేళ్ల వరకే టోపీలా తొడిగి, పైన బూటు వేసుకోండి. పాదమంతా ప్లాస్టిక్‌తో చుట్టొద్దు, చెమట బయటికి పోయే దారి లేక సాక్సు తడిసిపోతుంది. ఎక్కువ రోజులు వాడాలంటే బండి సీటు కవర్లు కుట్టేవాళ్ల దగ్గర రెక్సిన్ ముక్క తీసుకుని, బూటు ముక్కుకు సరిపడా తొడుగు కుట్టించుకుని, వెనక ఎలాస్టిక్ పెట్టించుకోండి. నాది మూడో చలికాలం నడుస్తోంది, ఇంకా బాగానే ఉంది.

వాన లేకపోయినా బూటు బయటినుంచి తడుస్తోంది

మంచుకు తడిసిన రోడ్డు మీద ముందు చక్రం చిమ్మే నీళ్లు నేరుగా పాదాలకే కొడతాయి. మడ్‌గార్డ్ కింద నేలకు జానెడు ఎత్తు దాకా రబ్బరు ముక్క వేలాడదీస్తే చాలు, పాత ట్యూబు ముక్కైనా సరే. గడ్డి ఉన్న అడ్డదారిలో నడిపించుకు వెళ్తే మాత్రం ఏ బూటైనా తడుస్తుంది, చుట్టైనా రోడ్డు మీదే వెళ్లండి. వాన రోజున రెయిన్‌ప్యాంటు అంచు బూటు లోపలికి దోపకండి, బూటు పైకి వదిలేయండి. దోపితే నీళ్లన్నీ లోపలికే దిగుతాయి.

పాదం మధ్యలో ఒక్కచోటే చలి

ఇనుప పెడల్, అరిగిన సోలు. రబ్బరు దిమ్మల పెడళ్లు వేయించండి, లోపల మందపాటి అట్ట పరవండి.

అన్నీ చేశాను, అయినా వెచ్చబడట్లేదు

మీ మోకాళ్లు, పిక్కలు, చీలమండలు చూసుకోండి. పాదానికి రక్తం అక్కడినుంచే దిగాలి. లుంగీతోనో నిక్కరుతోనో సైకిల్ తొక్కుతూ పాదాలకు ఎన్ని చుట్టినా లాభం లేదు. పొడవాటి సాక్సు, ప్యాంటు లోపల థర్మల్ వేసుకోండి. అయినా మొద్దుబారితే ఓ అయిదు నిమిషాలు దిగి సైకిల్ నడిపించుకుంటూ వెళ్లండి. మడమ ఎత్తి దించుతూ నడిస్తే వేళ్ల దాకా రక్తం పారుతుంది.

రాత్రి తడిసిన బూట్లు పొద్దుటికి ఆరలేదు

పొయ్యి పక్కన పెట్టకండి, సోలు జిగురు ఊడిపోతుంది. లోపలి అట్ట తీసి విడిగా నిలబెట్టి, బూట్లలో పాత పేపరు నలిపి కుక్కండి. గంటన్నరకు పేపరు మార్చండి, పడుకోబోయే ముందు ఇంకోసారి.

ఇంటికొచ్చాక వేళ్లు ఎర్రబడి, ఉబ్బి, విపరీతంగా దురద పెడుతున్నాయి

చల్లబడిన వేళ్లను ఒక్కసారిగా వేడి చేసినప్పుడు ఇలా జరుగుతుంది. గడ్డకట్టిన పాదాల్ని కుంపటి మీదికి చాచడం మన అందరికీ అలవాటు. ఆ అలవాటు మానండి. తడి సాక్సు తీసి, తుడిచి, పొడి గుడ్డ చుట్టి మెల్లగా వెచ్చబడనివ్వండి. గోరువెచ్చటి నీళ్లు వాడొచ్చు, కానీ వేడి ఎంతుందో మోచేత్తో చూసుకోవాలి. మొద్దుబారిన పాదానికి కాలుతున్నదీ తెలియదు. షుగర్ ఉన్నవాళ్లు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి, రోజూ పడుకునే ముందు అరికాళ్లు చూసుకోవాలి. పుండు పడినా, వేళ్లు తెల్లగానో నీలంగానో మారుతున్నా డాక్టరుకు చూపించండి. వేసవిలో కూడా పాదాలకు తిమ్మిర్లు వస్తుంటే అది చలి వల్ల కాదు, షుగర్ పరీక్ష చేయించుకోండి.