సభలో జవాబు ఎక్కడ ఆగింది?

రాజ్యాంగం 75(3) అధికరణం ప్రకారం కేంద్ర మంత్రిమండలి ఉమ్మడిగా లోక్‌సభకు బాధ్యత వహించాలి. ఆ బాధ్యత ఎక్కడో జారిపోయిందనిపిస్తే ముందు ఈ చోట్లు చూడండి.

సమస్య: మా ఎంపీ ప్రశ్న వేశారు, మంత్రి సభలో నోరు విప్పలేదు.
కారణం: బహుశా అది నక్షత్ర గుర్తు లేని ప్రశ్న. దానికి రాతపూర్వక జవాబే వస్తుంది, దానిమీద అక్కడికక్కడే అడిగే అనుబంధ ప్రశ్నలుండవు. మంత్రి నోటితో జవాబు చెప్పే నక్షత్ర గుర్తు ప్రశ్నలు రోజుకు 20 మాత్రమే, అవీ ప్రశ్నోత్తరాల గంటలో పూర్తికావు.
పరిష్కారం: లోక్‌సభ వెబ్‌సైట్‌లో ఆ జవాబు చదవండి. సరిపోకపోతే దానిమీదే అరగంట చర్చకు నోటీసు ఇమ్మని ఎంపీని అడగండి.

సమస్య: జవాబు వచ్చింది, కానీ "పరిశీలనలో ఉంది" అన్నారు. ఏళ్లు గడిచినా కదలిక లేదు.
చాలామంది ఇక్కడే ఆశ వదిలేస్తారు. దయచేసి వదలకండి. మీ ఊరి రైల్వే గేటు దగ్గర వంతెన సంగతే అనుకోండి. సభలో మంత్రి "పరిశీలిస్తాం", "సమాచారం తెప్పించి సభ ముందుంచుతాం" అంటే అది హామీ కింద లెక్క. అలాంటి మాటలను వెంటాడడానికే లోక్‌సభలో 1953 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. అందులో 15 మంది ఎంపీలుంటారు. మూడు నెలల్లో మాట నిలబెట్టుకోవాలి, కుదరకపోతే శాఖ ఈ కమిటీనే గడువు అడగాలి. హామీని రద్దు చేయమన్నా కమిటీయే ఒప్పుకోవాలి. నా దృష్టిలో పార్లమెంటులో జనానికి అతి తక్కువ తెలిసిన, అతి అవసరమైన చోటు ఇదే. ప్రశ్న నంబరు, తేదీ రాసుకుని, ఆ హామీ ఏమైందో కమిటీని అడగమని మీ ఎంపీకి ఉత్తరం రాయండి.

సమస్య: ప్రభుత్వానికి మెజారిటీ లేదంటున్నారు, అయినా నడుస్తోంది.
కారణం: బయట మాటలు చాలవు, లెక్క సభలోనే తేలాలి.
పరిష్కారం: అవిశ్వాస తీర్మానం. 50 మంది సభ్యులు మద్దతుగా లేచి నిలబడితే అనుమతి దొరుకుతుంది. 1993 జూలైలో పీవీ ప్రభుత్వం 265–251తో గట్టెక్కింది. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి పెట్టిన విశ్వాస తీర్మానం 269–270తో, ఒక్క ఓటుతో వీగిపోయింది. అప్పుడు స్పీకర్ మన కోనసీమ బిడ్డ బాలయోగి.

సమస్య: బిల్లు మీద మా ఎంపీ సొంత అభిప్రాయంతో ఓటు వేయరు.
కారణం: 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం. విప్, అంటే ఇలా ఓటు వేయమని పార్టీ ఇచ్చే ఆదేశం, ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు.
పరిష్కారం: బిల్లులను పరిశీలించే ఎంపీల కమిటీలైన స్థాయీ సంఘాల్లో విప్ ఉండదు. బిల్లు అక్కడికి వెళ్లి, ప్రజల అభిప్రాయాలు కోరుతూ ప్రకటన వస్తే, గడువులోగా మీ మాట రాసి పంపండి.