కల్తీ అనుమానమా? కేసు నిలబడాలంటే శాంపిల్ ఇలా తీయించండి

కల్తీ కేసుల్లో వాదనంతా శాంపిల్ చుట్టూనే తిరుగుతుంది. సగం వాడేసిన నెయ్యి డబ్బా పట్టుకెళ్తే, "ఇది మా కొట్టుది కాదు, మీ ఇంట్లోనే ఏదో కలిసింది" అని దుకాణదారు తేలిగ్గా తప్పించుకుంటాడు.

ముందుగా కొట్లో గొడవ పడకండి. మీరు అరిచి ఇంటికి చేరేలోపే ఆ సరుకు అరల్లోంచి మాయమవుతుంది. బిల్లు దాచండి, లేబుల్ మీది 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ కనబడేలా ఫొటో తీయండి. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో గానీ, జిల్లా ఆహార భద్రత కార్యాలయంలో గానీ అదే రోజు ఫిర్యాదు చేయండి. "అంతా కల్తీయే" అని రాస్తే పని జరగదు. ఏ సరుకు, ఏ బ్యాచ్, ఏ తేదీన కొన్నారో రాసి, అదే బ్యాచ్ నుంచి శాంపిల్ తీయమని అడగండి.

ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ (జనం నోట ఇంకా ఫుడ్ ఇన్‌స్పెక్టరే) శాంపిల్ తీసేటప్పుడు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, సరుకు ధర చెల్లించాలి, సాక్షి సంతకం తీసుకోవాలి. శాంపిల్‌ను నాలుగు భాగాలు చేసి సీలు వేయాలి. ఒకటి ఫుడ్ అనలిస్టుకి (సరుకును ల్యాబులో పరీక్షించే నిపుణుడు), రెండు డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కి (ఆ ప్రాంతంలో ఆహార భద్రత చూసే పై అధికారి) వెళ్తాయి. వ్యాపారి కోరితే నాలుగోది గుర్తింపు ఉన్న ల్యాబుకి పంపుతారు.

పాల దగ్గరే ఎక్కువ కేసులు జారిపోతాయి. వెన్న పైకి తేలుతుంది కాబట్టి క్యాను అడుగుదాకా కలియబెట్టకుండా ముంచితే కొవ్వు శాతం తప్పుగా వస్తుంది, వ్యాపారి లాయరు పట్టుకునేది అక్కడే. ప్రతి 25 మిల్లీలీటర్లకు రెండు చుక్కల ఫార్మలిన్ (శాంపిల్ పాడవకుండా వేసే రసాయనం) వేయకపోతే ల్యాబు చేరేలోపే పాలు విరిగిపోతాయి.

అధికారి రాకపోతే, ఆహార భద్రత చట్టం 2006లోని 40వ సెక్షన్ ప్రకారం మీరే ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. షరతు ఒకటుంది: పరీక్షకు పంపుతున్నానని కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలి. సరుకు నిబంధనలకు విరుద్ధమని తేలితే ఫీజు వాపసు, రిపోర్టు నేరుగా డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కి వెళ్తుంది.

అనలిస్టు రిపోర్టుకి గడువు 14 రోజులు. దాని మీద వ్యాపారి 30 రోజుల్లో అప్పీలు చేయవచ్చు. అప్పుడు రెఫరల్ ల్యాబుకి (తుది పరీక్ష చేసే ల్యాబు) వెళ్లేది డిజిగ్నేటెడ్ ఆఫీసర్ దగ్గర దాచిన భాగమే. నాసిరకమని తేలితే 5 లక్షల దాకా, తప్పుడు లేబులైతే 3 లక్షల దాకా జరిమానా. ఇవి అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని అధికారి ముందు నడుస్తాయి. ప్రాణానికి ముప్పుండే సరుకైతే క్రిమినల్ కోర్టుకే. తిని జబ్బు పడితే ఆసుపత్రి కాగితాలు పారేయకండి, నష్టపరిహారానికి అవే ఆధారం.

నేరం జరిగిన ఏడాదిలోపు కేసు కోర్టుకెక్కకపోతే, ఆహార భద్రత కమిషనర్ కారణం రాసి పొడిగిస్తే తప్ప (గరిష్ఠంగా మూడేళ్లు) ఇక దారి లేదు. రెండు నెలలు గడిచినా కబురు లేకపోతే, శాంపిల్ కోడ్ నంబరు, రిపోర్టు తేదీ అడుగుతూ సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి.