మొదటి కారు కొనబోతున్నారా? ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లి చూడండి

కారు కొనాలని తీర్మానించుకున్న వెంటనే చాలామంది మోడళ్ల పేర్లు వెతకడం మొదలుపెడతారు, ఆ తరువాత ధరలు చూస్తారు, నచ్చిన కారు ధర తమ దగ్గరున్న సొమ్ముకు కాస్త అటూ ఇటూగా ఉంటే ఎలాగోలా సర్దుకుంటారు. కొద్దిపాటి సొమ్ముతో మొదటి కారు కొనేవారిని తరువాత ఇరకాటంలో పెట్టేది ఈ వరుసే. అమ్మేవారి చేతిలో పెట్టే ధరతో ఖర్చు మొదలవుతుందే తప్ప ముగియదు. యాజమాన్య మార్పిడి రుసుము, పన్ను, బీమా, కొన్న వారంలోపే చేయించవలసిన సర్వీసు, అరిగిన టైర్లు, నీరసించిన బ్యాటరీ ఒకదాని వెంట ఒకటి వచ్చి నిలబడతాయి. అందుచేత చేతిలో ఉన్న సొమ్మును 100 వంతులుగా లెక్కవేసుకుని, పాత కారు ధరకు 80, మహా అయితే 85 వంతులు కేటాయించి, మిగిలినదాన్ని మొదటి ఆరు నెలల మరమ్మతుల కోసం ముట్టకుండా ఉంచుకోవాలి. ఇది నేను అనుభవం మీద ఏర్పరచుకున్న కొలత మాత్రమే. "ఇంకొంచెం వేసుకుంటే పై మోడల్ వచ్చేస్తుంది కదా" అని ఎవరైనా అన్నప్పుడు ముందుగా కరిగిపోయేది ఈ నిల్వే కాబట్టి, దాన్ని వేరే ఖాతాలో పెట్టుకుని కారు చూడడానికి వెళ్లడం మేలు.

అప్పు చేసి కొనేవారు నెలవాయిదా ఎంతని మాత్రమే అడిగి ఊరుకోకూడదు. ఏడాదికి 10 శాతం వడ్డీతో, తగ్గే బాకీ పద్ధతిలో, అంటే ఇంకా తీరని అసలు మీద మాత్రమే వడ్డీ పడే లెక్కన 100 అప్పు తీసుకున్నారనుకుంటే, మూడేళ్లలో తీర్చేవారు మొత్తం మీద సుమారు 116, ఐదేళ్లలో తీర్చేవారు 127, ఏడేళ్లు సాగదీసేవారు 139 కడతారు. వాయిదా తేలికైన కొద్దీ కారు ఖరీదు పెరుగుతున్నదన్నమాట. ఇందులో మరో మెలిక కూడా ఉంది. కొందరు రుణదాతలు ఫ్లాట్ వడ్డీ చెబుతారు, అంటే అసలు ఎంత తీరినా వడ్డీ మాత్రం మొదట తీసుకున్న మొత్తం మీదే పడుతూ ఉంటుంది. మూడేళ్లకు 10 శాతం ఫ్లాట్ అన్నప్పుడు 100కు 130 కట్టవలసి వస్తుంది, దాన్ని తగ్గే బాకీ లెక్కలోకి మార్చి చూస్తే దాదాపు 18 శాతం వడ్డీ అవుతుంది. కనుక అడగవలసిన ప్రశ్న ఒక్కటే: చివరి వాయిదా కట్టేసరికి నా చేతి నుంచి మొత్తం ఎంత వెళుతుంది?

కొత్త కారు విలువ మొదటి కొన్నేళ్లలోనే అన్నిటికంటే వేగంగా పడిపోతుంది, ఆ తరుగును మరొకరు భరించిన తరువాత కొనుక్కోవడమే కొద్దిపాటి సొమ్మున్నవారికి లాభం. మూడు నుంచి ఏడేళ్ల వయసుండి, విరివిగా అమ్ముడుపోయిన, చిన్న పెట్రోల్ ఇంజిన్ గల కారును ఎంచుకుంటే విడిభాగాలు సులభంగా దొరుకుతాయి, దాని గుట్టు తెలిసిన మెకానిక్కులూ ఎక్కువమంది ఉంటారు. అదే ధరకు పెద్ద పేరున్న కంపెనీవారి పదిహేనేళ్ల నాటి కారు కూడా దొరుకుతుంది, దాని ముందు నిలబడితే మనసు లాగుతుంది కూడా. అయితే కారుకు వయసు మీదపడినంత మాత్రాన దాని విడిభాగాల ధర తగ్గదు. డీజిల్ కారు విషయంలో ఇంకొకటి ఆలోచించాలి. ఈ మధ్య కాలపు డీజిల్ కార్లలో మసిని పట్టి ఉంచే వడపోత ఒకటి ఉంటుంది, అది తనలో చేరిన మసిని కాల్చుకోవాలంటే పొగ బాగా వేడెక్కేంతసేపు బండి వేగంగా నడవాలి. రోజూ మూడు నాలుగు కిలోమీటర్లే తిరిగేవారి బండిలో ఆ అవకాశం రాక అది పూడుకుపోతుంది, మార్పించాలంటే ఖర్చు చాలా ఎక్కువ.

రక్షణ విషయంలో మాత్రం పొదుపు చూపకూడదు. ఎయిర్‌బ్యాగులు, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ బ్రేకులు, జారుడు మలుపులో బండిని అదుపులో ఉంచే స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న పాత కారు, అవి లేకుండా పెద్ద టచ్ స్క్రీన్ ఉన్న కొత్త కారు కంటే నా దృష్టిలో ఎన్నో రెట్లు మేలు. కార్లను ఢీకొట్టించి వాటి రక్షణను పరీక్షించే ఎన్‌క్యాప్ సంస్థలు ఇచ్చే నక్షత్రాలు చూసేటప్పుడు ఆ పరీక్ష ఏ సంవత్సరంలో జరిగిందో కూడా చూడాలి. పరీక్షలు కాలక్రమంలో కఠినమవుతూ వచ్చాయి కాబట్టి అప్పటి ఐదు నక్షత్రాలూ ఇప్పటి ఐదు నక్షత్రాలూ ఒకటి కావు. నచ్చిన మోడల్‌కు బీమా ఎంతవుతుందో బేరానికి ముందే కనుక్కోవడం కూడా మరచిపోవద్దు.

ఇక కారు చూడడానికి వెళ్లే రోజు సంగతి. నేను మొదటి కారు చూడడానికి వెళ్లినప్పుడు బానెట్ వెచ్చగా ఉంది. ఇప్పుడే బయటికి వెళ్లి వచ్చామని అమ్మే ఆయన అన్నాడు, తాళం తిప్పగానే ఇంజిన్ చక్కగా అందుకుంది, నేను మురిసిపోయాను. ఇంటికి తెచ్చుకున్న మరునాటి ఉదయం అదే ఇంజిన్ నాలుగుసార్లు మొరాయించి, ఐదోసారి నీలిపొగ కక్కుతూ లేచింది. రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్ మాత్రమే తన అసలు స్థితిని బయటపెడుతుంది. వాల్వుల దగ్గరి సీళ్లు అరిగిపోతే ఆగి ఉన్న సమయంలో ఆయిల్ కొద్దికొద్దిగా సిలిండర్లలోకి దిగి, ఉదయం స్టార్ట్ చేయగానే నీలిపొగగా వస్తుంది. ఇంజిన్ వేడెక్కి ఉన్నప్పుడు ఆ జాడే కనబడకపోవచ్చు. అందుచేత మేము వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందురోజే చెప్పి, వెళ్లగానే పలకరింపులు అయ్యీ అవకముందే బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూడండి. వెచ్చగా తగిలితే గొడవ పడనక్కరలేదు, మరో ఉదయం వస్తామని చెప్పి తిరిగి రావచ్చు.

చల్లగా ఉన్నప్పుడే ఆయిల్ పోసే మూత విప్పి లోపలివైపు చూడాలి. అక్కడ మీగడలాంటి తెల్లని జిడ్డు పేరుకుని ఉంటే ఆయిల్‌లో తేమ గానీ, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంట్ గానీ కలుస్తున్నదని అనుమానించాలి. కొద్ది దూరాలే తిరిగే బండ్లలో ఇది కాస్త కనబడడం మామూలే అయినా, కూలెంట్ డబ్బాలో నూనె తెట్టు కూడా తేలుతూ ఉంటే ఆయిల్, కూలెంట్ ఒకదానిలో ఒకటి కలవకుండా ఇంజిన్ పైభాగం కింద ఉండే పొర, అంటే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు, అటువంటి బండిని వదిలివేయడం మంచిది. రేడియేటర్ మూతను వేడి మీద ఎన్నడూ విప్పకూడదు, మరుగుతున్న నీరు ముఖం మీదికి చిమ్ముతుంది. స్టార్ట్ చేసిన తరువాత సైలెన్సర్ వైపు ఒకరు నిలబడాలి. చలివేళ సన్నని తెల్లని ఆవిరి వచ్చి కాసేపటికి ఆగిపోతే భయం లేదు. దట్టంగా, ఆగకుండా, తియ్యని వాసనతో వస్తుంటే కూలెంట్ మండుతున్నదని అర్థం. పెట్రోల్ బండిలో నల్లపొగ వస్తుంటే అవసరానికి మించి ఇంధనం పోతున్నట్టు.

ఇంజిన్ స్టార్ట్ చేయడానికి ముందు తాళాన్ని ఒక మెట్టు మాత్రమే తిప్పి, డాష్‌బోర్డు వైపు చూస్తూ ఒక్క క్షణం ఆగాలి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ హెచ్చరిక దీపాలన్నీ అప్పుడు వెలగాలి, స్టార్ట్ అయిన కొద్ది సెకన్లకు ఆరిపోవాలి. వెలిగి ఆరని దీపాన్ని ఎవరైనా గమనిస్తారు. అసలు వెలగని దీపం దగ్గరే మోసపోతాం. పేలిన ఎయిర్‌బ్యాగ్ స్థానంలో కొత్తది వేయించకుండా దీపాన్నే తీసివేసిన బండ్లు ఉంటాయి.

బండి పైభాగాన్ని పగటి వెలుతురులో, ఒంటి మీద నీటిచుక్క లేనప్పుడు చూడాలి. తడిసిన రంగు గీతలనూ మరమ్మతులనూ దాచిపెడుతుంది. తలుపులకూ బానెట్‌కూ మధ్య ఉన్న సందులు రెండు వైపులా సమానంగా ఉన్నాయో లేదో, బానెట్‌ను పట్టి ఉంచే బోల్టుల తలల మీద రంగు చెక్కుకుపోయి ఉందో లేదో గమనిస్తే, ఆ భాగం ఎప్పుడైనా విప్పబడిందా అన్నది తెలుస్తుంది. చిన్న ఢీ తగిలి రంగు వేయించడం నేరమేమీ కాదు, ఆ మాట అమ్మేవారు తామే చెప్పారా, మీరు పట్టుకున్న తరువాత ఒప్పుకున్నారా అన్నదానికే విలువ. వరదనీట మునిగిన బండిని పట్టుకోవడానికి సీటు బెల్టును చివరిదాకా లాగి చూడాలి. సీట్లు, కార్పెట్లు కడిగిస్తారు గానీ బెల్టు చుట్ట లోపలి కొస దాకా శుభ్రం చేసేవారు అరుదు, అక్కడ బురద చార కనబడితే మరో మాట అవసరం లేదు. డిక్కీలో స్టెప్నీ కింది గుంట, సీట్ల కింది పట్టాలు కూడా తుప్పు కోసం చూడవలసిన చోట్లు.

కిలోమీటర్ల అంకెను నమ్మే ముందు పెడల్ రబ్బరునూ, స్టీరింగ్ పట్టునూ, డ్రైవర్ ఎక్కి దిగే వైపు సీటు అంచునూ చూడండి. 30,000 కిలోమీటర్లు మాత్రమే తిరిగిందన్న బండిలో క్లచ్ పెడల్ నున్నగా అరిగిపోయి ఉంటే ఆ అంకెను అనుమానించాలి. టైరు పక్కగోడ మీద డాట్ అన్న గుర్తుతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు వారాన్నీ తరువాతి రెండు సంవత్సరాన్నీ చెబుతాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైన టైరు. నాలుగు టైర్లూ నాలుగు రకాలుగా ఉన్న బండి యజమాని మిగతా ఖర్చులనూ అలాగే వాయిదా వేసి ఉంటాడని నేను అనుకుంటాను. లోపలి అంచు మాత్రమే అరిగిన టైరు చక్రాల అమరిక గానీ సస్పెన్షన్ గానీ చెడిందని తెలుపుతుంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే చాలా దేశాల చట్టం ప్రకారం ఆ టైరు వాడకూడదు, అందుచేత కొత్త టైర్ల ధరను అక్కడే లెక్కలో కలుపుకోవాలి.

నడిపి చూసేటప్పుడు పాటలు కట్టివేసి, అద్దాలు దించాలి. చదునైన ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్‌ను తేలికగా పట్టుకుంటే బండి ఒక పక్కకు లాగకూడదు. స్టీరింగ్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడిపినప్పుడు టకటకమని చప్పుడు వస్తే ముందు చక్రాలకు శక్తినందించే జాయింట్లు అరిగినట్టే. పై గేరులో ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నది. బ్రేకు మీద కాలు గట్టిగా అదిమి ఉంచినప్పుడు పెడల్ మెల్లగా కిందికి దిగిపోతే, ఆ బండిని ఇక నడపకుండా అక్కడే ఆపాలి.

ఇంతా చూసిన తరువాత కూడా అమ్మేవారికి సంబంధం లేని ఒక మెకానిక్‌కు రుసుము ఇచ్చి చూపించడం తప్పనిసరి అని నా అభిప్రాయం. ఆయన స్కానర్ పెట్టినప్పుడు తప్పులేమీ లేవన్న మాటతో తృప్తి పడకుండా, బండి తనను తాను పరీక్షించుకునే అంశాలు పూర్తయినట్టు చూపుతున్నాయా అని అడగండి. అవి అసంపూర్ణం అని వస్తుంటే, మీరు రాకముందే ఎవరో తప్పుల జాబితాను చెరిపివేసి ఉండవచ్చు. కాగితాల విషయంలో బండి మీద, తలుపు చట్రం మీద, పత్రాల మీద ఉన్న 17 గుర్తుల ఛాసిస్ సంఖ్యను ఒక్కొక్కటిగా పోల్చుకోవాలి. ఒకటి, సున్నాలతో పొరబడకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలను అందులో వాడరు. పాత యజమాని అప్పు తీరినట్టు రాతపూర్వక ఆధారం చూపేదాకా అడ్వాన్సు కూడా ఇవ్వవద్దు.

బేరం ఊరికే తగ్గించమని అడిగితే సాగదు. రెండు టైర్లు, బ్రేకు ప్యాడ్లు, బ్యాటరీ అని కాగితం మీద రాసి, వాటి ధరలు పక్కన వేసి చూపిస్తే ఎదుటివారు కాదనడానికి ఇబ్బంది పడతారు. "సాయంత్రం మరొకరు వస్తున్నారు" అంటే రానివ్వండి.

కొన్న వెంటనే ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ మార్పించి, ఆ రోజు తేదీనీ కిలోమీటర్లనూ ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి. పిస్టన్లూ వాల్వులూ ఒకదానితో ఒకటి పొంతనగా కదిలేలా చూసేందుకు ఇంజిన్‌కు గొలుసు కాక టైమింగ్ బెల్టు ఉంటే, దాన్ని ఎప్పుడు మార్చారో బిల్లు దొరకనప్పుడు మార్చలేదనే భావించి ముందుగా ఆ పని చూడాలి. చాలా ఇంజిన్లలో ఆ బెల్టు నడుస్తూ ఉండగా తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకు కొట్టుకుంటాయి, అప్పుడయ్యే మరమ్మతు ఖర్చు పాత కారు ధరకు దగ్గరగా రావచ్చు. వాటర్ పంపు ఆ బెల్టుతోనే తిరిగే ఇంజిన్ అయితే దాన్ని కూడా అప్పుడే మార్పించండి, విప్పి బిగించే కూలి రెండోసారి కట్టనక్కరలేదు.