ఓపియాయిడ్ మోతాదు మించి పడిపోయినవారికి నాలోక్సోన్ ఇచ్చే పద్ధతి

ఓపియాయిడ్లంటే హెరాయిన్, ఫెంటనిల్, మార్ఫిన్ లాంటి మత్తు, నొప్పి మందులు. వాటి ప్రభావాన్ని తిప్పికొట్టే మందే నాలోక్సోన్. దాని 4 మిల్లీగ్రాముల ముక్కు స్ప్రేను డాక్టర్ చీటీ లేకుండా అమ్మడానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023 మార్చిలో అనుమతించింది. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు కూడా గదిలో ఒకటి ఉంచుకోవాలి.

పిలిచినా, ఛాతీ మధ్య ఎముకను పిడికిలితో గట్టిగా రుద్దినా లేవకపోతే, ఊపిరి మందగించినా, పెదవులు నీలిరంగుకు తిరిగినా వెంటనే అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయండి. పోలీసులొస్తారన్న భయంతో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. సాయానికి పిలిచినవారిని మాదకద్రవ్యాల కేసుల నుంచి కొంతవరకు కాపాడే చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. శిక్ష కన్నా ప్రాణం ముందన్న ఈ నిర్ణయం ముమ్మాటికీ సరైనది. రక్షణ ఎంతవరకన్నది రాష్ట్రానికో తీరు కాబట్టి మీ రాష్ట్రపు నిబంధన ముందే చదివి ఉంచుకోండి.

వెల్లకిలా పడుకోబెట్టి, మెడ కింద చెయ్యి ఆనించి తల వెనక్కి వంచండి. నాజిల్‌ను ఒక ముక్కు రంధ్రంలో మీ వేళ్లు ముక్కుకు తగిలేదాకా పెట్టి, ప్లంజర్‌ను పూర్తిగా నొక్కండి. పనిచేస్తుందో లేదో చూద్దామని ముందే గాల్లో నొక్కితే మందు వృథా. ఒక్కో స్ప్రేలో ఉండేది ఒక్క డోసే.

ఊపిరి ఆడకపోతే 5 సెకన్లకోసారి నోటితో ఊపిరి ఇవ్వండి. 2-3 నిమిషాల్లో తెలివి రాకపోతే రెండో స్ప్రేను రెండో రంధ్రంలో కొట్టండి. ఊపిరి అందుకున్నాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతుకు అడ్డుపడదు.

లేచినవారికి వణుకు, వాంతులు, చిరాకు రావచ్చు. వాదించకండి, ఒంటరిగా వదలకండి. నాలోక్సోన్ 30-90 నిమిషాలే పనిచేస్తుంది. అది దిగాక ఊపిరి మళ్లీ ఆగవచ్చు. కోలుకున్నట్టు కనిపించినా అంబులెన్స్‌ను వెనక్కి పంపకూడదు.