బ్యాటరీ లైటు వెలిగితే వైండింగే పోయిందా? ఆల్టర్నేటర్ సమస్యలు – పరిష్కారాలు

డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ లైటు వెలగగానే మనం చేసే పని ఒకటే: ఆల్టర్నేటర్ (ఇంజన్ బెల్టుతో తిరుగుతూ బ్యాటరీకి ఛార్జింగ్ ఇచ్చేది) విప్పి, దాని రాగి తీగ చుట్టలు తిరిగి కట్టే వైండింగ్ షాపుకు పంపడం. కాయిల్ పోయిందంటారు, కట్టించుకుంటాం, నెల తిరక్కుండా మళ్లీ అదే లైటు. కాయిల్ నిజంగానే కాలి ఉండొచ్చు. ఎందుకు కాలిందో మాత్రం ఎవరూ అడగరు. అడిగితే చాలాసార్లు జవాబు బెల్టు దగ్గరో, బేరింగు దగ్గరో, బ్రాకెట్టు దగ్గరో దొరుకుతుంది. ఇక్కడ రాసేదంతా ఆ మెకానికల్ వైపు గురించే.

లోపల ఏముందో ముందు కాస్త చూద్దాం. పాత డైనమోలో కరెంటు పుట్టే ఆర్మేచరే తిరిగేది. పుట్టిన కరెంటంతా కమ్యుటేటర్ (షాఫ్టు మీది రాగి పలకల చుట్టు), దాన్ని రుద్దుకునే కార్బన్ బ్రష్‌ల మీదుగా బయటికి రావాలి కాబట్టి దాన్ని మరీ వేగంగా తిప్పడానికి వీల్లేదు. ఆల్టర్నేటర్‌లో ఈ పద్ధతిని తిరగేశారు. కరెంటు పుట్టే చుట్టలు స్టేటర్‌లో కదలకుండా ఉంటాయి, మధ్యలో అయస్కాంతంగా పనిచేసే రోటర్ తిరుగుతుంది. బ్రష్‌లు మోసేది ఆ రోటర్‌కు కావలసిన కొద్ది ఆంపియర్లే. 1960లో అమెరికాలో క్రిస్లర్ వాలియంట్ కారుతో ఇది మామూలు కార్లలోకి వచ్చింది. మన దగ్గర పెద్దవాళ్లు ఇప్పటికీ దీన్ని డైనమో అనే అంటారు. పేరుతో పేచీ లేదు.

రోటర్ అంటే రెండు ఇనుప ముక్కలు. రెండు చేతుల వేళ్లు ఒకదాని సందులో ఒకటి దూర్చినట్టు, వాటి కొమ్ములు ఎదురెదురుగా దూరి ఉంటాయి. సాధారణంగా అటు ఆరు, ఇటు ఆరు. ఆ కొమ్ములకూ స్టేటర్‌కూ మధ్య ఖాళీ అర మిల్లీమీటరుకు అటూ ఇటూ. ఇంజన్ పుల్లీ పెద్దది, దీని పుల్లీ చిన్నది కాబట్టి ఇంజన్ ఒక చుట్టు తిరిగేలోపు ఇది రెండు నుంచి మూడు చుట్లు తిరుగుతుంది. కారు ఇంజన్ 6,000 దగ్గర అరుస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ 15,000 దాటి తిరుగుతూ ఉంటుంది. అంత వేగంలో, అంత సన్నని ఖాళీలో రోటర్‌ను నిలబెట్టేది రెండే రెండు బేరింగులు. చిన్న తేడా పెద్ద ఖర్చుకు దారి తీసేది ఇందుకే.

చెయ్యి పెట్టే ముందు రెండు మాటలు. విప్పేటప్పుడు బ్యాటరీ నెగెటివ్ ముందు తీయండి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి "ఛార్జింగ్ ఉందో లేదో" చూసే పాత అలవాటు మానేయండి. ఆ క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి డయోడ్లను (ఏసీ కరెంటును డీసీగా మార్చేవి), ఒక్కోసారి ఈసీయూను (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌ను) కూడా కాల్చేస్తుంది. ఇక నడుస్తున్న బెల్టు దగ్గర మెడలో తువ్వాలు, చున్నీ ఉండకూడదు.

మీటరు పెట్టి చూస్తే 12 వోల్టుల బండిలో ఇంజన్ నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.5 రావాలి. 24 వోల్టుల లారీలో 27.5 నుంచి 28.5. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేయగానే బాగా పడిపోతే కింద రాసిన లక్షణాల్లో మీ బండిది ఏదో వెతకండి.

బెల్టు కూస్తోంది, లైట్లు వేస్తే ఇంకా కూస్తోంది

లోడ్ పడగానే ఆల్టర్నేటర్‌ను తిప్పడం బరువవుతుంది. అందరికంటే చిన్న పుల్లీ దీనిదే కాబట్టి, బెల్టు చుట్టుకునే చోటు కూడా ఇక్కడే తక్కువ. అందువల్ల జారడం ఇక్కడే మొదలవుతుంది. అదే బెల్టు వాటర్ పంపునూ తిప్పే పాత బండ్లలో ఒక మంచి గుర్తు ఉంది. ఛార్జింగ్ తగ్గడం, ఇంజన్ వేడెక్కడం రెండూ కలిసి వస్తే ఇంకేమీ ఆలోచించకుండా బెల్టు చూడండి.

కూత అంటే అన్నీ ఒకటి కాదు. "కీ...చ్" అని సాగే కూత వేరు, పిచ్చుకలా "కిచ్ కిచ్" మనేది వేరు. పొడవునా సన్నటి గాళ్లున్న వెడల్పు బెల్టయితే ఒక చిన్న పరీక్ష చాలు. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా దూరం నుంచి, గాళ్లున్న వైపు సీసాతో కొద్దిగా నీళ్లు చిమ్మండి. శబ్దం కాసేపు ఆగి మళ్లీ వస్తే పుల్లీలు ఒకే గీతలో లేవు. నీళ్లు తగలగానే శబ్దం పెరిగితే బెల్టు జారుతోంది, అంటే బిగువు చాలట్లేదు, లేదా బెల్టు అరిగిపోయింది.

బిగువు చూడటానికి, వీ బెల్టయితే (అడ్డంగా కోస్తే ఇంగ్లీషు వీ అక్షరంలా ఉండేది), రెండు పుల్లీల మధ్య పొడవైన భాగంలో బొటనవేలితో గట్టిగా నొక్కితే 10 నుంచి 12 మిల్లీమీటర్లు దిగాలి. ఇది మామూలు లెక్క, మాన్యువల్‌లో వేరే చెబితే అదే పాటించండి. కొత్త బెల్టు కొద్దిసేపు నడిచాక గాడిలో కూర్చుని వదులవుతుంది, మళ్లీ ఒకసారి బిగించాలి. ఈ రెండో బిగింపు ఎవరూ చేయరు. "కొత్త బెల్టు వేసినా కూస్తోంది" అనే ఫిర్యాదు చాలాసార్లు దీనివల్లే.

వీ బెల్టుకు పట్టంతా పక్క గోడలతోనే. దాని అడుగు గాడి అడుగును తాకకూడదు. పుల్లీ గాడి అడుగు అద్దంలా మెరుస్తోందంటే బెల్టయినా అరిగింది, పుల్లీ అయినా అరిగింది. అప్పుడు ఎంత బిగించినా జారుతుంది, పైగా బేరింగు మీద భారం పెరుగుతుంది.

గాళ్ల బెల్టును చూసే పద్ధతి కూడా మారింది. పాత రబ్బరు బెల్టులు అరిగితే పగుళ్లు కనిపించేవి. ఇప్పటి ఈపీడీఎం (ఒక రకం సింథటిక్ రబ్బరు) బెల్టులు పగలకుండానే గాళ్లలో లోతుగా అరిగిపోతాయి. పగుళ్లు లేవు కదా అని వదిలేస్తే మోసపోతారు.

పుల్లీలు ఒకే గీతలో ఉన్నాయో లేదో చూడటానికి ఇంజన్ పుల్లీ ముఖం మీద నిటారు పట్టీ ఆనించండి, లేదా దారం లాగి పట్టండి. అడుగు దూరానికి ఒకటిన్నర మిల్లీమీటరుకు మించి తేడా ఉండకూడదు. బేరింగు మార్చినప్పుడు పుల్లీ వెనక ఉండే స్పేసర్ (ఖాళీ నింపే రింగు) మర్చిపోవడం, బదులు తెచ్చిన పుల్లీ లోతు తేడాగా ఉండటం, బ్రాకెట్టు వంగడం ఇక్కడ మామూలు కారణాలు.

కూతకు సబ్బు, మైనం, డ్రెస్సింగ్ స్ప్రే రాస్తే రెండు రోజులు మౌనంగా ఉంటుంది. ఆ జిగురుకు దుమ్ము అంటుకుని ఆ తర్వాత పుల్లీ కూడా పాడవుతుంది.

గర్‌ర్‌ మనే శబ్దం, వేగంతో పాటు పెరుగుతోంది

ముందు అది ఆల్టర్నేటరేనా అని తేల్చుకోవాలి. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన దాని బాడీకి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకోండి. ఇంకా అనుమానం ఉంటే ఇంజన్ ఆపి బెల్టు తీసి, కొద్ది సెకన్లు మాత్రమే నడిపి చూడండి. శబ్దం పోయిందంటే ఆ బెల్టు తిప్పేవాటిలో ఒకటి.

బెల్టు లేకుండా పుల్లీని చేత్తో తిప్పండి. గరగరలాడితే, పైకీ కిందికీ ఊపితే ఆట కనిపిస్తే బేరింగు పోయినట్టే. చేత్తో తిప్పితే నున్నగా ఉండి, బండిలో హెడ్‌లైట్లు వేసినప్పుడే మూలిగితే అది బేరింగు శబ్దం కాదు. డయోడో, స్టేటర్ చుట్టో పోతే కూడా లోపల అయస్కాంత లాగుడు సమంగా లేక అలాంటి మూలుగే వస్తుంది. ఈ తేడా తెలియక మంచి బేరింగులు మార్చేసినవాళ్లు చాలామంది ఉన్నారు.

పుల్లీ వైపున్న ముందు బేరింగే ఎక్కువగా ఎందుకు పోతుంది? బెల్టు లాగుడంతా దాని మీదే కాబట్టి. అందుకే దాన్ని పెద్దదిగా పెడతారు. చాలా బండ్లలో ముందు 6303, వెనక దానికన్నా చిన్నది కనిపిస్తుంది. పుల్లీ బేరింగుకు ఎంత దూరంగా బయటికి ఉంటే ఆ లాగుడు అంత ఎక్కువవుతుంది. బెల్టు అతిగా బిగించడమే ఈ బేరింగు పోవడానికి మొదటి కారణం. వాహనం కడిగేటప్పుడు ప్రెషర్ నీళ్లు నేరుగా కొట్టడం రెండోది.

మార్చేటప్పుడు నంబరు ఒకటే చూస్తే చాలదు. చివరన 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీలు, సీ3 అని ఉంటే లోపల కొంచెం ఎక్కువ ఖాళీ. వేడికి లోపలి రింగు వ్యాకోచిస్తుంది కాబట్టి ఆ ఖాళీ అవసరం. పాత బేరింగు మీద ఏముందో అదే అడగండి. సీలు లేపి గ్రీజు కుక్కే పని వద్దు, ఎక్కువ గ్రీజు కూడా వేడి పుట్టిస్తుంది.

ఎక్కించడంలోనే చాలా బేరింగులు కొత్తగా ఉండగానే చెడిపోతాయి. షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు ఒత్తిడి లోపలి రింగు మీదే పడాలి, మూతలోని గూడులోకి దించేటప్పుడు బయటి రింగు మీద. తగిన సైజు పైపు ముక్క, ప్రెస్సు ఉంటే చాలు. సుత్తితో ఎక్కడపడితే అక్కడ కొడితే గోళీలు పడిన చోట గుంటలు పడతాయి, కొత్త బేరింగు మొదటి రోజే గరగరలాడుతుంది.

విప్పినప్పుడు బేరింగు గూడు చూడండి. గూడు గోడ అద్దంలా అరిగి, చుట్టూ సన్నటి పొడి కనిపిస్తే బయటి రింగు గూడులోనే తిరుగుతోంది. దీనికి మన షాపుల్లో చేసే మందు, గూడు చుట్టూ పంచ్‌తో చుక్కలు కొట్టడం లేదా డబ్బా రేకు చుట్టి పెట్టడం. రెండూ నిలబడవు. రేకు ఒక పక్క మందంగా ఉంటే అర మిల్లీమీటరు ఖాళీలో రోటర్ స్టేటర్‌ను గీస్తుంది. లేత్ షాపులో గూడు బోర్ చేయించి స్లీవ్ వేయించండి, లేదా ముందు మూత మార్చండి.

వెనక బేరింగు విషయంలో ఇంకో తప్పు జరుగుతుంది. ముందు బేరింగును ప్లేటు, స్క్రూలతో గట్టిగా బంధిస్తారు, వెనకది పొడవునా కొద్దిగా జరిగేలా వదులుతారు. వేడికి షాఫ్టు, అల్యూమినియం బాడీ ఒకే కొలతలో సాగవు కాబట్టి ఆ వీలు కావాలి. అది వదులుగా ఉందని జిగురు పోసి అంటించేస్తే రెండు బేరింగులూ ఒకదాన్నొకటి నెట్టుకుని చస్తాయి.

చెవి విరిగింది, బ్రాకెట్టు పగిలింది, బోల్టు మాటిమాటికీ వదులవుతోంది

ఐదారు కిలోల బరువు, డీజిల్ ఇంజన్ పక్కన వేలాడుతూ రోజంతా వణుకుతుంది. వదులు బోల్టుతో ఒక్క వారం తిరిగినా చాలు, అల్యూమినియం చెవి (బాడీకి ఉండే, బోల్టు దూరే కొక్కెం) పగులు పడుతుంది. పగిలిన చెవిని వెల్డింగ్ చేయించొచ్చు, కానీ రంధ్రం గీత తప్పితే పైన చెప్పిన బెల్టు కథ మళ్లీ మొదలు.

ఎక్కువమందికి తెలియని సంగతి ఒకటుంది. చాలా ఆల్టర్నేటర్లలో వెనక చెవిలో జరిగే ఇనుప బుష్ ఉంటుంది. బ్రాకెట్టుకూ చెవికీ మధ్య ఖాళీని, బోల్టు బిగించేటప్పుడు ఆ బుష్ జరిగి నింపుతుంది. తుప్పు పట్టి అది ఇరుక్కుంటే బోల్టు బిగువు నేరుగా చెవిని వంచి, టప్‌మని విరగ్గొడుతుంది. ఎక్కించే ముందు బుష్‌ను వెనక్కి కొట్టి, తుప్పు తుడిచి, చేత్తో జరిగేలా చేయండి. బుష్ లేని రకమైతే ఖాళీకి సరిపడా వాషరు పెట్టండి, బోల్టుతో లాగి కలపొద్దు.

ఎక్కువ ఫ్లడ్‌లైట్ల కోసం పెద్ద ఆల్టర్నేటర్ వేయించుకునేవాళ్లు బ్రాకెట్టును, బెల్టును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆంపియర్లు పెరిగితే లాగే బలమూ పెరుగుతుంది, ఒంటి వీ బెల్టుకు ఒక హద్దు ఉంటుంది.

ముట్టుకుంటే కాలుతోంది, కాయిల్ నల్లబడుతోంది

లోడ్ మీద ఆల్టర్నేటర్ వేడెక్కడం సహజం. ఆ వేడిని బయటికి పంపేది ఫ్యాన్, గాలి రంధ్రాలు. వరికోత మిషన్లలో పొట్టు, నూగు ఆ రంధ్రాల్లో కూరుకుపోతాయి. క్వారీ లారీల్లో రాతి పొడి నూనెతో కలిసి గట్టిపడుతుంది. సీజనులో రోజూ సాయంత్రం కంప్రెషర్ గాలితో, తక్కువ ప్రెషర్‌లో ఊదడం కన్నా చవకైన మందు లేదు.

ఒక కోత మిషన్ సంగతి చెబుతాను. ఒకే సీజనులో రెండుసార్లు స్టేటర్ కట్టించారు, మూడోసారి నల్లగా మాడింది. విప్పి చూస్తే పుల్లీ వెనక ఫ్యానే లేదు. రెక్క వంగి బాడీకి తగులుతోందని తీసేసి, ఆ మందానికి వాషర్లు పెట్టారు. ఇంతకీ రెక్క ఎందుకు వంగింది? పుల్లీ నట్టు విప్పడానికి రోటర్ తిరగకుండా రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చారు. ఆ పని చేసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పాత బెల్టు ముక్కను పుల్లీ గాడిలో చుట్టి వైస్‌లో బిగిస్తే నట్టు హాయిగా వస్తుంది, రెక్కకు ఏమీ కాదు.

ఫ్యాన్ మార్చేటప్పుడు తిరిగే దిక్కు చూడండి. వంపు రెక్కలున్న ఫ్యాన్ తప్పు దిక్కుది పడితే తిరుగుతున్నట్టే కనిపిస్తుంది, గాలి మాత్రం సరిగా లాగదు.

లైటు మిణుకుమిణుకుమంటోంది, గుంటల్లో ఛార్జింగ్ పోయి వస్తోంది

బ్రష్‌లు అరిగాయి. హోల్డరు నుంచి బయటికి 5 మిల్లీమీటర్ల కన్నా తక్కువ మిగిలితే మార్చండి. స్లిప్ రింగుల (రోటర్ మీద బ్రష్‌లు ఆనే రింగులు) మీద నూనె మరక ఉంటే పెట్రోలు గుడ్డతో తుడవండి, గాడి పడితే లేత్ మీద సన్నగా తీయించండి. కొత్త బ్రష్‌లు వేసినా త్వరగా అరిగిపోతుంటే వెనక బేరింగు ఆట చూడండి. రింగు ఊగుతుంటే ఏ బ్రష్షూ నిలవదు.

బెల్టు వణుకుతోంది, ఇంజన్ ఆపగానే కిచ్‌మంటోంది

చాలా కొత్త డీజిల్ కార్లలో ఆల్టర్నేటర్ పుల్లీ ఒక దిక్కుకే పట్టే రకం, సైకిల్ ఫ్రీవీల్ లాంటిది. డీజిల్ ఇంజన్ తోపులు తోపులుగా తిరుగుతుంది, బరువైన రోటర్ ఆ తోపులను అనుసరించలేదు. మధ్యలో ఈ పుల్లీ లేకపోతే దెబ్బంతా బెల్టుకు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్‌కు తగులుతుంది. బెల్టు తీసి, రోటర్‌ను పట్టుకుని పుల్లీని తిప్పండి. ఒక వైపు పట్టి, రెండో వైపు జారాలి. రెండు వైపులా పట్టేస్తే ఇరుక్కుంది, బెల్టు వణుకు దీనిదే. రెండు వైపులా జారితే ఛార్జింగే ఉండదు. రెంటికీ పుల్లీ మార్చడమే దారి. బదులుగా మామూలు గట్టి పుల్లీ వేయించుకుంటే డబ్బు మిగులుతుంది, తర్వాత టెన్షనర్‌కు అంతకన్నా ఎక్కువ పోతుంది.

బ్రేకు పెడల్ రాయిలా ఉంది, ఆల్టర్నేటర్ వెనక నూనె కారుతోంది

మన డీజిల్ బండ్లు చాలావాటిలో బ్రేకుకు వాక్యూమ్ ఇచ్చే పంపు ఆల్టర్నేటర్ వెనకే, అదే షాఫ్టు మీద ఉంటుంది. దానికి ఇంజన్ ఆయిల్ పైపు వస్తుంది. సీలు పోతే నూనె బ్రష్‌ల మీదికి దిగుతుంది, పంపు పలకలు అరిగితే వాక్యూమ్ తగ్గి పెడల్ గట్టిపడుతుంది. బెల్టు తెగితే ఛార్జింగూ పోతుంది, బ్రేకు సాయమూ పోతుంది. కాబట్టి ఈ రకం బండిలో బ్యాటరీ లైటు వెలిగితే "ఇంటికి వెళ్లాక చూద్దాం" అనుకోకుండా పక్కకు ఆపి బెల్టు చూడండి. పంపు విప్పి బిగించాక, ఎక్కించే ముందు పంపులోకి కొద్దిగా శుభ్రమైన ఇంజన్ ఆయిల్ పోసి షాఫ్టును చేత్తో నాలుగు చుట్లు తిప్పండి. పొడిగా తిరిగితే మొదటి నిమిషంలోనే పలకలు గీసుకుపోతాయి.