శాతం లెక్క తప్పుతోందా? ‘దేనిలో’ అని అడిగి చూడండి

సమస్య: 1,200 రూపాయల వరంగల్ కొత్తవాడ జంపఖానా ధరను 20 శాతం పెంచి, ఆ తర్వాత 20 శాతం తగ్గిస్తే పాత ధరే రావాలని అనిపిస్తుంది గానీ, జవాబు 1,152 రూపాయలే వస్తుంది.

కారణం: పెంచింది 1,200లో 20 శాతం, తగ్గించింది 1,440లో 20 శాతం.

పరిష్కారం: లెక్కలో శాతం కనిపించిన ప్రతిచోటా అది దేనిలో శాతమో పక్కనే పెన్సిలుతో రాసుకోవాలి.

సమస్య: 20 శాతం తేమ ఉన్న క్వింటాల్ మక్కలను 14 శాతం తేమ వచ్చే దాకా ఆరబోస్తే ఎంత బరువు మిగులుతుందని అడిగితే, బాగా చదివే పిల్లలు కూడా 94 కిలోలని రాస్తారు.

కారణం: 20లోంచి 14 తీసేయడమే. మొదటిది తడి గింజల బరువులో శాతం, రెండోది ఎండిన గింజల బరువులో శాతం కాబట్టి, వాటిని నేరుగా తీసివేయడం కుదరదు.

పరిష్కారం: మారని దాన్ని పట్టుకోవాలి. ఎండకు పోయేది నీరే కనుక, క్వింటాలులోని 80 కిలోల పొడి భాగం అలాగే ఉంటుంది. ఎండిన తర్వాతి బరువును ‘బ’ అనుకుంటే, అందులో పొడి భాగం 86 శాతం. బ × 86 ÷ 100 = 80 అవుతుంది కాబట్టి, బ విలువ సుమారు 93 కిలోలు. (కళ్లంలో పిట్టలు తిన్నవి ఈ లెక్కలోకి రావు.)

వడ్డీ లెక్కల్లో తప్పు ఎక్కువగా కాలం దగ్గరే జరుగుతుంది. మన ఊళ్లలో ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నూటికి నెలకు రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు చెప్పే శాతం మాత్రం ఏడాదికి. రెండు రూపాయల వడ్డీన 50,000 రూపాయలకు పది నెలల వడ్డీ 10,000 రావలసిన చోట 833 వచ్చిందంటే, నెలవారీ రేటును ఏడాది రేటుగా తీసుకున్నారన్నమాట. రేటు, కాలం రెండింటినీ ముందుగా నెలల్లోకో, ఏళ్లలోకో మార్చుకోవాలి.

సగటు వేగానిదీ దాదాపు ఇదే జబ్బు. 150 కిలోమీటర్ల దూరాన్ని గంటకు 60 చొప్పున వెళ్లి, 50 చొప్పున తిరిగి వస్తే సగటు 55 కాదు; మొత్తం 300 కిలోమీటర్లను మొత్తం ఐదున్నర గంటలతో భాగించాలి, సుమారు 54.5 వస్తుంది.

సమస్య: పంట అమ్మిన ధరలో 2 శాతం కోత పోగా రైతు చేతికి 19,600 రూపాయలు వచ్చాయి. అసలు ధర కోసం దానికి 2 శాతం కలిపితే 19,992 వస్తుంది, అది తప్పు.

పరిష్కారం: కోత పడింది తెలియని అసలు ధర మీద కాబట్టి దాన్నే ‘ధ’ అనుకోవాలి. ధ × 98 ÷ 100 = 19,600, కనుక ధ = 20,000. సరిచూడాలంటే 20,000లో 2 శాతమైన 400 తీసేసి చూడండి.