రేపట్నుంచి క్లాసులు ఆన్‌లైన్ అంటే టీచర్లు ముందు ఏం చెయ్యాలి

వానలకో దేనికో స్కూళ్లు మూసేసి "రేపట్నుంచి ఆన్‌లైన్" అని మెసేజ్ వస్తే ముందు యాప్ ఏది అని వెతక్కండి, అటెండెన్స్ రిజిస్టర్ తియ్యండి. ఒక్కో పేరు పక్కన ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉందా, ఎవరి దగ్గరుంటది, ఎన్నింటికి ఇంటికొస్తది, ఇవి ఫోన్ చేసి కనుక్కుని రాసుకోండి. 2020 లాక్‌డౌన్‌లో నేను ఇది చెయ్యకుండానే పొద్దున పదింటికి లైవ్ పెట్టేశా, ఏడో తరగతి లెక్కలు, 38 మందిలో 11 మందే వచ్చారు. మిగతావాళ్లకి శ్రద్ధ లేదనుకున్నా. తర్వాత తెలిసింది, ఒకమ్మాయి వాళ్ల నాన్న తాపీ పనికెళ్తూ ఫోన్ పట్టుకెళ్తాడు, రాత్రి ఏడున్నరకి గానీ ఇంటికి రాదు.

అందుకే లైవ్ మీద ఆధారపడకండి. జూమ్ ఫ్రీది 40 నిమిషాలకి కట్ అయితది, అందులో పది నిమిషాలు "సార్ వినపడ్తలేదు"కే పోతయ్. రెండు మూడు నిమిషాల వాయిస్ మెసేజ్, కింద నోట్స్ ఫోటో, వాట్సాప్ గ్రూప్‌లో పెట్టండి, డేటా తక్కువ పడ్తది, రాత్రి ఎన్నిసార్లైనా వినొచ్చు.

లెక్క చేసి చూపించాలంటే స్టాండ్ కొనక్కర్లేదు. జానెడు ఎత్తు పుస్తకాలు పేర్చి, కెమెరా ఉన్న కొస బయటికి వచ్చేలా ఫోన్ పెట్టి, రెండో కొస మీద బరువుకి ఇంకో పుస్తకం పెట్టండి, కెమెరా కింద తెల్ల కాగితం, స్కెచ్ పెన్. కిటికీ ఎడమ పక్కనుంటే కుడిచేతి నీడ అంకెల మీద పడదు. ఫ్యాన్ ఆపెయ్యండి, ఆ చప్పుడే ఎక్కువ వినిపిస్తది.

కెమెరా ఆన్ చెయ్యమని మాత్రం పట్టుబట్టకండి, ఒక్క గది ఇళ్లుంటయ్, పిల్లలు సిగ్గుపడి క్లాసే మానేస్తారు.

స్మార్ట్‌ఫోన్ లేనోళ్లకి 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ ఛానెళ్లలో పాఠాలొచ్చాయి. కానీ చూశారు అంటే వచ్చేసినట్టు కాదు కదా, రోజుకి ఐదుగురికి కాల్ చెయ్యండి. "అర్థమైందా" అని అడిగితే అందరూ అయింది సార్ అనే అంటారు, లెక్క ఇచ్చి పైకి చెప్పమనండి. ఆ తాపీ మేస్త్రీ కూతుర్ని 3/4లోంచి 1/2 తీసెయ్యమంటే 2/2 అంది, మూడులోంచి ఒకటి, నాలుగులోంచి రెండు తీసేసిందన్నమాట. రొట్టె బొమ్మ గీసి నాలుగు ముక్కలు చేసి ఫోటో పంపా, రాత్రి పదింటికి నోట్స్ ఫోటో వచ్చింది, మసక మసగ్గా, మూలలో బొటనవేలు, మధ్యలో 1/4.